తడి ఇసకలో ఏరియల్ వైరు

మధ్యాహ్నం పూట బారువలో ఆడవాళ్లు ఎండుచేపలు ఒకసారి తిరగేసి, మోహిని గుమ్మంలో కూర్చుని రేడియో వింటారు. అందరి రేడియోల్లో పాటలొస్తే, దీంట్లో సముద్రం మీదున్న మగవాళ్ల మాటలొస్తాయి. గరగర ఎక్కువని దాలమ్మ సణుగుడు తప్ప దాని మీద ఎవరికీ ఏ పేచీ లేదు.

అది మోహిని మొగుడు గోవిందు సగం అతికి వదిలేసిన రేడియో కిట్టు. పెళ్లాంతో పోట్లాడి, ఫోను కూడా గూట్లో పారేసి, ఎక్కడో పడమటి తీరాన వీరావల్ బోట్ల మీద పనికి పోయాడు. ఏ బోటో చెప్పలేదు. "మరింక రాకు" అని కోపంలో ఆమే అనేసింది. దిగులు పట్టలేక, కాగితంలో బొమ్మ చూసి మిగతా వైర్లు తనే అతికింది.

గరగర సంగతి చూడ్డానికి మరిది వాసు వచ్చాడు. పలాసలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. వైర్ల వెంట వేలు పోనిచ్చి నవ్వాడు.

"ఏటి సేసినావు వదినా? కొబ్బరిసెట్టు మీదుండాల్సిన ఏరియల్ తడి ఇసకలో పాతీసినావు. ఎర్తు వైరు సెట్టుకి కట్టీసినావు. అందుకే గాల్లోది మానేసి నీళ్లలోది పట్టుకుంతంది."

"దాన్ని ముట్టకు."

అప్పుడే రేడియోలో గోవిందు గొంతు వచ్చింది. ఎవరితోనో అంటున్నాడు: "వొచ్చే ఏడూ ఇక్కడే ఉండిపోతాను. ఇంటికెల్లి సేసీదేటి? రావొద్దని అదే సెప్పింది."

మోహిని రేడియో దగ్గరికి జరిగింది. "వాసూ, నా మాట మీ అన్నకి ఇనపడాల."

"స్పీకరు వైర్లు తిప్పి అతికితే ఎల్తాది. కానీ పార్టు మాడిపోతాది, ఇంక ఎప్పటికీ ఇనడం నేదు. నువ్వే సూసుకో."

ఇన్నాళ్లూ మోహిని వంట చేస్తూ ఆ గొంతే వినేది. అతను దగ్గితే, మందేసుకోమని గోడకు చెప్పేది. అది కూడా లేకుండా ఎలా బతకడం? స్పీకరుకు చెవి ఆనించింది. అతను ఎవరినో ఉప్పు అడుగుతున్నాడు.

"తిప్పీ," అంది.

కాస్త పొగ లేచి గరగర ఆగిపోయింది. ఆడవాళ్లు చేపల దగ్గరికి వెళ్లిపోయారు. మోహిని పెదాలు స్పీకరుకు ఆనించింది.

"నానే. కోపంలో అన్నాను. వొచ్చీ."

వీరావల్‌లో బోటు అడుగున నీళ్లు తోడుతున్న గోవిందు డబ్బా వదిలేసి, తడి చెక్క మీద చెవి పెట్టాడు.

"ఏట్రా?" అన్నాడు బోటు నడిపే సరంగు.

"మా ఇంటిది. రమ్మంతంది."

"మరెల్లు. సాయంత్రం రైలుంది."

వొచ్చీ, వొచ్చీ అని చెక్కలోంచి ఇంకా వస్తూనే ఉంది. వింటూ కూర్చుంటే రైలు పోతుంది. గోవిందుకు ప్రాణం ఒప్పలేదు. అయినా చెవి తీసి, సంచీ భుజానేసుకున్నాడు.