డైనోసార్ మింగిన వదిన

మరిదికి మైకు దొరికితే కోతికి కొబ్బరికాయ దొరికినట్టేనని వదిన ఇంట్లో వెయ్యిసార్లు అని ఉంటుంది. ఇప్పుడు మాత్రం అనడానికి వీల్లేదు. ఆమె టైరనోసారస్ పొట్టలో ఉంది.

పైన రబ్బరు చర్మం, లోపల ఇనుప చట్రం, వెనకాల బారెడు తోక. అంతా కలిపితే నిండు గ్యాస్ సిలిండరును భుజాన మోస్తున్నట్టే. దవడ ఆడించే తాడు ఆమె చేతిలో ఉంది. బయటికి చూడటానికి బొమ్మ మెడ దగ్గర అరచేయంత వలగుడ్డ. అందులోంచి ఎదుట ఉన్నదంతా కనబడుతుంది కానీ, తన కాళ్ళు తనకే కనబడవు. బొమ్మలోంచి మనిషి గొంతు మాత్రం వినబడకూడదు, వినబడితే పిల్లల సరదా చచ్చిపోతుంది. అందుకే కష్టమొస్తే దవడ రెండుసార్లు టపటపలాడించాలని వదినా మరిదీ ముందే మాట అనుకున్నారు.

బడి హాల్లో పిల్లలు బాసింపట్టు వేసుకుని నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.

"కదలకుండా నిలబడితే ఇది మనల్ని చూడలేదని ఎవరన్నా చెబితే నమ్మకండర్రా!" అంటున్నాడు మరిది. "దీని రెండు కళ్ళూ ముందుకే చూస్తాయి, గద్దకి లాగా. ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో ఇట్టే పట్టేస్తుంది. ఇక వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు."

"మరి ఎలా వేటాడేది?" అని ఒక పిల్లాడు అడిగాడు.

"మందలో కుంటిదో, ముసలిదో, పిల్లదో చూసుకునేది. మెల్లగా దగ్గరికొచ్చి ఒక్క ఉదుటున మీద పడేది. చేతులు చూడండి, ఎంత బుల్లివో! అందుకే పనంతా నోటిదే. ఎముకలు కూడా పటపటా విరిచేసేది. నమలడం దీనికి రాదు. పెద్దపెద్ద ముక్కలు గుటుక్కున మింగెయ్యడమే! అప్పుడు మనుషులు లేరు కాబట్టి బతికిపోయాం గానీ, ఉంటే నాలాంటివాడు దీనికి రెండు గుటకలు."

సరిగ్గా అప్పుడే బొమ్మ లోపలి ఫ్యాను ఆగిపోయింది. కాసేపటికే గాలి ఆడలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పక్కకు వెళ్ళి తెర చాటున కూలబడదామని వదిన అడుగు ఎత్తబోయింది. కాలు కదల్లేదు. ఏవో బుల్లి చేతులు పిక్కను గట్టిగా చుట్టుకుని ఉన్నాయి.

ఎవరి పిల్లో, ఎప్పుడు దూరిందో, సరిగ్గా పొట్ట కిందే ఉంది. అడుగు వేస్తే తొక్కుతుంది. పడితే ఇంత ఇనుమూ ఆ పిల్ల మీదే పడుతుంది. పడకుండా ఎంతసేపు నిలబడగలదు?

దవడ రెండుసార్లు టపటపలాడించింది.

"చూశారా! ఇలా మింగుతుందన్నమాట!" అన్నాడు మరిది సంబరంగా.

వీడి నోరు పడ! మళ్ళీ టపటపలాడించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వదిన నోరు వలగుడ్డకు ఆనించింది. ఇక సరదా చస్తే చచ్చిందనుకుంది.

"ఒరేయ్ మరిదీ! కాళ్ళ కింద పిల్ల ఉందిరా! నేను పడిపోతున్నా!"

పిల్లలంతా బొమ్మ పొట్ట వైపు చూశారు.

"అమ్మో, లోపల ఆంటీ ఉంది!" అని ఎవరో అరిచారు. "మింగేసింది!"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పిల్లలంతా ఒక్కసారిగా లేచి ఆంటీని కాపాడటానికి బొమ్మ మీదికి ఉరికారు. పొట్టను గుద్దేవాళ్ళు గుద్దుతున్నారు, దవడ లాగేవాళ్ళు లాగుతున్నారు. వదిన పళ్ళు బిగించింది. పడకూడదు. కళ్ళ ముందు చీకటి కమ్ముకొస్తోంది, అయినా పడకూడదు.

"ఆగండర్రా!" మైకులో అరిచాడు మరిది. "దాని కళ్ళు ముందుకే చూస్తాయని చెప్పానా లేదా? ముందు నుంచి వెళితే మిమ్మల్నీ పట్టేస్తుంది! ఆంటీ బతకాలంటే వెనక్కి పరుగెత్తండి, తోక దగ్గరికి! కాలు పట్టుకున్న బుజ్జమ్మా, నువ్వు కూడా! తోక పట్టుకో!"

దడదడా అడుగుల చప్పుడు. పొట్ట మీద గుద్దులు ఆగాయి. పిక్క మీద చేతులు మాత్రం ఇంకా ఉన్నాయి.

"పద తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా," అంది వదిన లోపల్నుంచి.

చేతులు వదిలాయి.

"అందరూ వెనకే ఉన్నారు!" అని మరిది ఏడుపు గొంతుతో కేక వేశాడు. "పడిపో వదినా! ముందుకి పడిపో!"

వదిన పడింది. దవడ నేలకు కొట్టుకుని విరిగింది. వెనక జిప్పు కరకరమంది. ఎన్నెన్నో చేతులు ఆమె జాకెట్టును, జడను, నడుమును పట్టి బయటికి లాగాయి. చల్లగాలి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. మరిది ఆమె పక్కన చతికిలబడి, నీళ్ళ సీసా మూత తీయడం చేతకాక వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

పిల్లలు కేరింతలు కొట్టారు. ఒక్క పిల్ల మాత్రం అటు చూడలేదు. అందరికంటే చిన్నది, రెండు పిలకలది, తెరిచిన జిప్పులో తల దూర్చింది.

"ఇంకెవరన్నా ఉన్నారా లోపల?" అంది చీకట్లోకి. "భయపడకండి. మేం వచ్చేశాం."

మరిది ఏదో చెప్పబోతే వదిన అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పిల్ల చెవి ఒగ్గి, జవాబు కోసం ఎదురుచూస్తోంది.