రెండు కాళ్ల కొలత

పాతికేళ్లుగా నా పని కాళ్లు తయారు చేయడం. ప్రమాదాల్లో, జబ్బుల్లో, యుద్ధాల్లో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు మా వర్క్‌షాపుకి వస్తారు. అలాంటి నా కడుపున పుట్టిన పిల్ల, ఇరవై రెండేళ్ల మొండిఘటం, ఒకరోజు భోజనాల దగ్గర సైన్యంలో చేరతానంది.

“ఏమే, నేను పొద్దస్తమానం ఏం చూస్తానో తెలిసే మాట్లాడుతున్నావా?”

“తెలుసు కాబట్టే ముందు నాన్నకి చెప్పా.”

వాళ్ల నాన్న పళ్లెంలోంచి తల ఎత్తలేదు. ఇంట్లో గొడవ మొదలైతే ఆ మనిషికి ఆకలి ఎక్కువవుతుంది.

నెలరోజులు నెత్తీ నోరూ కొట్టుకుని, తర్వాత ఊరుకున్నాను. ఓడిపోయి కాదు. దానివి చదును పాదాలు. చిన్నప్పుడు అరికాలు మొత్తం నేలకి ఆనేది. అలాంటి పాదాలని సైన్యం తీసుకోదు, వైద్యపరీక్షలో ఎలాగూ వెనక్కి పంపేస్తారని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాను.

పరీక్షకి వెళ్లిన పిల్ల సాయంత్రానికి నవ్వుకుంటూ వచ్చింది.

“తడి కాళ్లతో కాగితం మీద నిలబెట్టారమ్మా. వంపు చక్కగా ఉందన్నాడు డాక్టరు. చిన్నప్పుడెవరో శ్రద్ధగా చూసుకున్నారన్నాడు.”

ఆ ఎవరో నేనే. దాని నాలుగో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా, ఆరు నెలలకోసారి అరికాలి వంపు నిలబెట్టే కొత్త అట్టలు చెక్కి బూట్లలో పెట్టాను. గుచ్చుకుంటున్నాయని ఏడ్చినా తియ్యనివ్వలేదు. ఆ తర్వాత దాని పాదాల వంక మళ్లీ చూసింది లేదు. రోజంతా ఊళ్లోవాళ్ల కాళ్లు చూసి ఇంటికొచ్చేదాన్ని, ఇక ఇంట్లో కూడా కాళ్లంటే విసుగు. నా పని ఫలించిందో లేదో నేనే చూసుకోలేదు. ఇప్పుడు చేజేతులా నేనే దాన్ని సైన్యానికి పంపించుకుంటున్నాను.

ఆ రోజు నుంచి దానితో మాట్లాడటం మానేశాను. నిజం చెప్పాలంటే కోపం కన్నా అలసటే ఎక్కువ. తిట్టడానికీ ఓపిక ఉండాలి కదా.

అది బయల్దేరే రోజు పొద్దున్నే కావాలని పనిలోకి వచ్చేశాను. అప్పటికే ఒక సైనికుడు కూర్చుని ఉన్నాడు. నా పిల్ల కన్నా రెండేళ్లు పెద్దేమో. మోకాళ్ల పైనుంచి రెండు కాళ్లూ లేవు. ఒక కాలు పోయినవాళ్లకి రెండో కాలు చూసి కొలత తీస్తాం. రెండూ పోతే చూడటానికేమీ ఉండదు. సైన్యం కాగితాల్లో మనిషి ఎత్తు రాస్తారు గానీ, మోకాలు ఎక్కడుందో, పిక్క ఎంత లావో ఎవరు రాస్తారు? కిందటి వారం ఉజ్జాయింపుగా చేసిన కాళ్లు తొడిగాను. నడక నేర్పే కమ్మీలు పట్టుకుని నిలబడి, కిందికి చూశాడు.

“మోకాలు ఇక్కడ కాదక్కా ఉండేది.”

“మరెక్కడ బాబూ?”

“తెలీదక్కా. ఎప్పుడూ చూసుకోలేదు.”

అప్పుడే భుజాన సంచితో నా కూతురు లోపలికొచ్చింది.

“గంటలో బస్సమ్మా. చెప్పకుండా వెళ్లబుద్ధి కాలేదు.”

“బల్ల మీద కూర్చో,” అన్నాను. “ప్యాంటు తొడదాకా మడువు.”

కుడికాలికి నూనె రాసి, తడిపిన ప్లాస్టర్ పట్టీ వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ వచ్చాను.

“చల్లగా ఉందే. ఎందుకిది?” అని నవ్వింది.

పట్టీ మోకాలు దాటేసరికి అది అరల్లో వరసగా నిలబెట్టిన కాళ్ల వంక చూసింది, కమ్మీల మధ్య నిలబడ్డ సైనికుడి వంక చూసింది. నవ్వు ఆగిపోయింది.

“నాకేం కాదమ్మా.”

“కాకపోతే ఈ అచ్చులు పారేస్తాను.”

ప్యాంటు రెండో కాలు కూడా తనే మడిచి, ఎడమకాలు నా ముందుకి చాపింది. పట్టీ కొస తనే పట్టుకుంది.

“ఆరడానికి ఎంతసేపు పడుతుంది?” అనడిగింది.

పది నిమిషాలు చాలు. అరగంట అని చెప్పాను.