గట్టు మీద మందు

ఊడ్పుల నుంచి తిరిగొచ్చేసరికి ఆదెమ్మ నడుం విరిగిపోతోంది. అయినా ఇంటికి పోకుండా కాలువ గట్టు ఎక్కింది. కాన్పుకొచ్చిన కూతురు డయానాకు రక్తం తక్కువగా ఉందని, ఆకుకూరలు పెట్టమని గన్నవరం డాక్టరమ్మ చెప్పింది. పొన్నగంటి కూర గట్టున ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికేదాన్ని కళ్లు మూసుకుని కోయకూడదని ఆదెమ్మకు తెలుసు. రొయ్యల చెరువు నీళ్లు పారే చోట ఆకు ముట్టదు. గడ్డి మందు చల్లారేమో అడగనిదే ఏ గట్టునా వంగదు.

ఆ పూట అడగకముందే, గేదెల్ని తోలుకుపోతున్న సంపూర్ణమ్మ చెప్పింది. "ఏమే, మీ ఆయన పొద్దున ఈ గట్టు మీదే మందు కొట్టాడంట. చూసుకో!"

ఆదెమ్మ మొహం మాడిపోయింది. ఇక తాగనని ఈస్టరు నాడు చర్చిలో అందరి ముందూ ఒట్టేసిన మనిషి నతానియేలు. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది?

"చూసుకునేదేముంది పిన్నీ, నా ఖర్మ," అని తల దించుకుంది. సంపూర్ణమ్మ మలుపు తిరిగాక లేత చిగుళ్లు తుంచి ఒడిలో వేసుకుంది. ఆకు నవనవలాడుతోంది.

ఇంటికొచ్చి పప్పులో వేసి వండింది. నతానియేలు వచ్చి అరుగు మీద కూలబడితే మంచినీళ్లయినా ఇవ్వలేదు. తిట్టే ఓపిక కూడా లేదామెకు.

డయానా కంచం ముందు కూర్చుంది. "నాన్నా, నువ్వూ రా."

"గట్టు మీద మందు కొట్టొచ్చినోడికి అన్నమెందుకులే," అంది ఆదెమ్మ.

"కొట్టాను. మధ్యాన్నం కూడా కొట్టమన్నాడు ఆసామి. భుజాలు పడిపోయినయ్," అన్నాడతను. అంతలో కంచంలో ఆకు కనబడింది. "ఆ కూర ఎక్కడిదే?"

"ఆ గట్టుదే."

నతానియేలు ఒక్క ఉదుటున లేచి, ముద్ద కింద పడేలా కూతురి చేతి మీద కొట్టాడు. "గడ్డి మందే అది! నోట్లో పెట్టావా తల్లీ?"

"ఇంకా లేదు నాన్నా."

ఆదెమ్మ కంచం లాగేసింది. కొట్టింది ఆ మందా! కొట్టిన రోజు ఆకు పచ్చగానే ఉంటుందని ఆమెకు తెలియనిది కాదు. పప్పంతా కోళ్లు కూడా కెలకకుండా గొయ్యి తీసి పూడ్చింది. ముగ్గురూ ఊరగాయతో తిన్నారు.

తర్వాత అతని చొక్కా ఉతకడానికి తీసింది. గడ్డి మందు వాసన ముక్కు బద్దలు కొట్టింది. సారా వాసన లేదు.

"ఇంట్లోకి రాగానే ఒక్కసారి దగ్గరికొస్తే తెలిసేదిగా," అన్నాడు నతానియేలు, కోపం లేకుండా.

ఊళ్లో ప్రతి గట్టు గురించీ అడిగే మనిషి ఇతన్ని ఒక్క మాట అడగలేదు. ఆదెమ్మకు ఏడుపొచ్చింది. చొక్కాను విడిగా బకెట్లో ముంచి, తల తిప్పకుండానే అడిగింది.

"రేపు ఏ గట్టు మీద కొడతావయ్యా మందు?"