ముహూర్తం కోసం ఆగిన బటన్

నేను ఒక సర్వర్‌ని. నాలుగూళ్ళలో ఉండే చిన్న కంప్యూటర్లన్నీ తమ సమాచారం తెచ్చి అప్పజెప్పే పెద్ద కంప్యూటర్‌ని. ఇప్పుడు ఒక పాల డెయిరీ గోడౌన్‌లో, ఖాళీ నేతి డబ్బాల పక్కన, మొహం గోడ వైపు తిప్పి పడేసి ఉన్నాను. ఆ డెయిరీ పేరు చెప్పను. చెబితే నా నోరు పాడవుతుంది. ఒంగోలు అవతల ఉందనుకోండి, చాలు.

ఏ దేశంలో పుట్టానో నాకే సరిగ్గా తెలియదు. ఒక్కో భాగం ఒక్కోచోట తయారై, అట్టపెట్టెలో హైదరాబాదు చేరాను. మొదట నన్ను కొన్నది ఒక ఫైనాన్స్ కంపెనీ. చల్లటి గది ఇచ్చి, చెప్పులు విప్పి గాని లోపలికి రాకుండా గౌరవించారు. తర్వాత కంపెనీకి తాళం పడింది, అంత గౌరవించినవాళ్ళే నన్ను వేలంలో వదిలించుకున్నారు. కొన్నవాడు పైపైన తుడిచి, కొత్తదేనని డెయిరీకి అంటగట్టాడు. మనుషుల మీద నాకు మొదటిసారి ఒళ్ళు మండింది అప్పుడే. తర్వాత జరిగినదాని ముందు అదెంత!

డెయిరీలో కంప్యూటర్ల మేనేజర్ పానకాలరావు. కంప్యూటర్ గురించి అతనికి తెలిసిందల్లా దాని మీద దుమ్ము పడకూడదని. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఊళ్ళలోని పాల కేంద్రాలన్నిటినీ నాతో కలపాలని ఆ సంవత్సరం డెయిరీవాళ్ళు తీర్మానించారు. ఏ ఊరి పాలు ఎలా ఉన్నాయో అక్కడి కంప్యూటర్ నాకు చెబుతుంది. ట్యాంకర్ వచ్చాక గేటు దగ్గరి కంప్యూటర్ నన్ను అడుగుతుంది. నేను సరేనంటేనే పాలు లోపలికి దిగుతాయి. ఈ కలిపే పనికి కాంట్రాక్టు మీద వచ్చిన ఇంజనీరు జయశీల. చీరాల అమ్మాయి. ఈ పని సవ్యంగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని మాట ఇచ్చి తెచ్చారు. వాళ్ళింట్లో జీతం తెచ్చేది తనొక్కతే.

నా మీద చెయ్యి వేసినవాళ్ళలో పని తెలిసిన మనిషి ఆమె. పాత కంపెనీ చెత్తంతా ఊడ్చి, నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఒక్కో కేంద్రానికీ ఒక అడ్రసు, ఒక పాస్‌వర్డ్ ఇచ్చింది. ఎవరు ఎవరితో మాట్లాడాలో, ఎవరిని గడప తొక్కనివ్వకూడదో నాకు నేర్పింది. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక పద్ధతి ఉంది. పెట్టిన అమరికలు ముందు పలక మీద రాసినట్టు ఉంటాయి. పని చూసుకుని, అంతా బాగుంటే సేవ్ బటన్ నొక్కాలి. అప్పుడే అవి నా మనసులో నిలుస్తాయి. నొక్కేలోపు నన్ను ఆపేస్తే పలక తుడిచినట్టే.

దసరాకి ముందే కేంద్రాలన్నీ కలిశాయి. ఊళ్ళ నుంచి కబుర్లు వస్తున్నాయి, గేటు తెరుచుకుంటోంది. జయశీల సేవ్ నొక్కబోతుంటే పానకాలరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగమ్మాయ్. ఆ ఆఖరి బటను ఛైర్మన్ గారి చేత్తో నొక్కించాలి. దశమి నాడు ముహూర్తం పెట్టించాను.”

ఛైర్మన్ గారు అడగనైనా లేదు. ఈయనగారి సరదా. ఇది కొబ్బరికాయ కాదు సార్, ఆగితే ప్రమాదమని ఆమె నచ్చజెప్పింది. ముందు నేను సేవ్ చేస్తాను, ఆయనతో మళ్ళీ నొక్కిద్దామంది. ఎంగిలి చేసింది దేవుడికి పెడతామా అన్నాడు పెద్దమనిషి. చివరికి ఆమె ఒక్క మాట అడిగింది. “సరే సార్. దశమి దాకా దీన్ని మాత్రం ఆపకండి.”

సరేనన్నాడు. ఆమె పండక్కి చీరాల వెళ్ళింది.

నవమి నాడు ఆయుధపూజ. పాలు చిలికే యంత్రాల నుంచి ఆఫీసు స్టాప్లర్ దాకా అన్నిటికీ బొట్లు. నడుస్తున్న యంత్రానికి పూజ చెయ్యకూడదట. ఆ రోజు ట్యాంకర్లన్నీ వెళ్ళాక పానకాలరావు స్వయంగా నా దగ్గరికొచ్చాడు. నేను తెర మీద అడిగాను, అమరికలు సేవ్ కాలేదు, నిజంగా ఆపమంటారా అని. నాకున్న నోరు అదొక్కటే. చదవకుండా ‘అవును’ నొక్కాడు. పైగా నా నుదుటన పసుపు రాసి, బంతిపూల దండ వేసి, దణ్ణం పెట్టుకున్నాడు.

దశమి ఉదయం లేచేసరికి నాకు ఏ కేంద్రమూ గుర్తు లేదు. గేటు అడుగుతుంటే ఎవరు నువ్వు అన్నాను. రోడ్డు మీద ట్యాంకర్లు బారులు తీరాయి. ఎండెక్కేకొద్దీ పాలు విరుగుతున్నాయి. ఛైర్మన్ గారు కారు దిగుతూనే ఎవరి నిర్వాకమిది అని గద్దించారు.

“ఆ కాంట్రాక్టు పిల్లండీ. సేవ్ చెయ్యకుండా ఇంటికి పోయింది,” అన్నాడు పానకాలరావు, నిమ్మకు నీరెత్తినట్టు.

కబురందుకుని జయశీల పరుగున వచ్చింది. నా మెడలో దండ చూసి ఏం జరిగిందో గ్రహించింది. అందరూ వెనకాల నిలబడి తలా ఒక మాట అంటుంటే, మొదటి కేంద్రం నుంచి మళ్ళీ కట్టుకుంటూ వచ్చింది. ఈసారి ఎవరినీ అడగలేదు. పని పూర్తవుతూనే సేవ్ నొక్కేసింది. గేటు తెరుచుకుంది.

కాని ముహూర్తం మిగిలిపోయిందిగా! ఛైర్మన్ గారికి నొక్కడానికో బటన్ కావాలన్నాడు పానకాలరావు. ఆమె తెర మీద ఎర్రటి బటన్ ఒకటి గీసిపెట్టింది. దాని వెనక ఏమీ లేదు. ఛైర్మన్ గారు నొక్కారు, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు.

అది అయ్యాక పానకాలరావు ఆమెను నా పక్కకే పిలిచి, రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

“వెళ్తాను సార్. ఆపింది మీరేనని ఛైర్మన్ గారితో ఒక్క మాట చెప్పండి. నా తప్పని రాస్తే ఇంకోచోట నన్నెవరూ తీసుకోరు.”

అతను నా మెడలో దండ సవరించడం మొదలుపెట్టాడు. ఛైర్మన్ గారు అవతల స్వీటు తింటున్నారు. నాలుగడుగుల దూరం. పానకాలరావు ఆ నాలుగడుగులూ వెయ్యలేదు. ఆమె బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. నాలో ఫ్యాన్లు అంత గట్టిగా ఎప్పుడూ తిరగలేదు. సర్వర్ వేడెక్కింది, ఏసీ పెంచండి అన్నారు.

ఆ తర్వాత గోడౌన్‌కి చేరేదాకా ప్రతి నవమికీ నన్ను ఆపారు, బొట్టు పెట్టారు. మర్నాడు ఒక్క ఊరు కూడా మరవకుండా లేచాను. వచ్చినవాళ్ళు ఆశ్చర్యపడితే, పానకాలరావు నా మీద చెయ్యి వేసి చెప్పేవాడు. “అంతా మా ఛైర్మన్ గారి హస్తవాసి.”