లేని భర్తల కార్లు

పెద్దమ్మ అసలు భర్త దర్జీ. బతికినన్నాళ్ళూ సైకిలే ఆయన వాహనం. ఆయన పోయిన చాలా ఏళ్ళకు మాత్రం ఆవిడకు వరసగా ఒక డాక్టరు భర్త, ఒక హెడ్మాస్టరు భర్త, ఒక బ్యాంకు మేనేజరు భర్త దొరికారు. దొరకడం, పోవడం ఒకేసారి. పోతూ పోతూ తలా ఒక కారు వదిలి వెళ్ళారు.

ఇదంతా చిన్నోడి చలవ. చిన్నోడంటే ఆవిడ చెల్లెలి కొడుకు. పిలవడానికే చిన్నోడు, నెత్తిన జుట్టు అప్పుడే పలచబడింది. కన్నతల్లి పురిట్లోనే కన్నుమూస్తే పెద్దమ్మే పొత్తిళ్ళలో ఎత్తుకుని పెంచింది. వాడు చేసేది పాత కార్ల వ్యాపారం. దానికి ఒక బోర్డు లేదు, షెడ్డు లేదు. వ్యాపారి దగ్గర పాత కారు కొనాలంటే జనానికి గుబులు, ఇంటావిడ దగ్గరైతే ధీమా. ఆ కిటుకు పట్టుకున్నాడు వాడు. "సొంత కారు. ఇంట్లో వాడుకున్నది. యజమాని చనిపోవడంతో అమ్ముతున్నాం" అని ఫోనులో ప్రకటన పెట్టి, కారు తెచ్చి పెద్దమ్మ గుమ్మం ముందు నిలిపేవాడు.

మొదటిసారి ఆవిడకు ఏమీ తెలియదు. వరండాలో కూర్చుని దుప్పటి అంచు కుట్టుకుంటోంది. చూడటానికి వచ్చిన పెద్దమనిషి దగ్గరికొచ్చి, "మీవారిదా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. 'మీవారు' అన్న మాట చెవిన పడగానే దర్జీ గుర్తొచ్చి ఆవిడ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ పెద్దమనిషి ఇంక బేరమాడలేదు.

ఆ సాయంత్రం చిన్నోడు సంగతి చెప్పి, గడ్డం పట్టుకుని బతిమాలాడు.

"నువ్వేం అబద్ధాలాడక్కర్లేదు పెద్దమ్మా. ఊరికే అక్కడ కూర్చో, చాలు."

ఊరికే కూర్చోవడం ఎన్నాళ్ళు? అడిగినవాళ్ళకు తలాడించింది. తర్వాత ఒక మాట, ఆ తర్వాత ఒక కథ. డాక్టరుగారు కబురొస్తే వానైనా, చలైనా లెక్కచేసేవారు కాదట. హెడ్మాస్టరుగారికి ముక్కుమీద కోపమేగానీ హారను మాత్రం కొట్టేవారు కాదట. వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని నోరు తెరుచుకుని వినేవారు. ఆవిడ మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అందుకే ఆవిడకూ సరదా పుట్టింది. దీపం ఆర్పే ముందు మాత్రం దర్జీ ఫొటో వైపు చూసి, "ఏమనుకోకండి" అనుకునేది.

ఈసారి నీలం కారు వచ్చింది. ఎంత సెంటు కొట్టినా అడుగునుంచి తడిసిన గోనెసంచి వాసన తన్నుకొస్తోంది.

"ఏంట్రా ఈ కంపు?"

"వరదలో మునిగింది. ఎండబెట్టించి సీట్లకు కొత్త గుడ్డ వేయించాను. నడుస్తోందిగా?"

"ఎన్నాళ్ళు నడుస్తుంది?"

"అది దాని ఆయుష్షు పెద్దమ్మా. నీకు ఈసారి ఇంజనీరు భర్త, గుర్తుపెట్టుకో."

మర్నాడు ఒక అమ్మాయి ఒంటరిగా వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామం చేయిస్తుందట. బస్సులు మారి మారి అలిసిపోయి కారు కొనుక్కుందామనుకుంది. కారు వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"బండి చూడరా?" అన్నాడు చిన్నోడు.

"చూస్తానండీ. ముందు అమ్మగారితో ఒక్క మాట." ఆమె పెద్దమ్మ వైపు తిరిగింది. "మావారు పోయి ఏడాది కూడా కాలేదండీ. మీరు రాసింది చూసి, మీలాంటివారి దగ్గరైతే మోసం ఉండదనిపించి వచ్చాను. నేను బేరం కూడా ఆడను. ఒకటి అడగనా? ఆయన వస్తువు చెయ్యి దాటిపోతుంటే మీకు ఎలా ఉంది? నేను ఆయన చెప్పులే తియ్యలేకపోతున్నాను. గుమ్మంలోనే ఉన్నాయి. రోజూ వాటిని దాటుకుంటూ పనికి పోతున్నాను."

పెద్దమ్మ నోరు తెరిచింది. ఇంజనీరుగారి ముచ్చట్లన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ పెదవి దాటలేదు.

"చెప్పులు ఉండనియ్యమ్మా," అంది చివరికి. "ఎవరు తియ్యమన్నా తియ్యకు. నేను మా ఆయన కొలతల టేపు మెడలో వేసుకు తిరిగాను. వంట చేస్తున్నా మెడలోనే. చూసినవాళ్ళు మతి పోయిందనుకున్నారు. ఒకరోజు తీసి మేకుకు తగిలించాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. ఆ రోజు అదే వస్తుంది. నువ్వు తొందరపడకు."

అమ్మాయి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇంజనీరుగారని ప్రకటనలో రాశారు కదా, టేపు ఎప్పుడూ చేతిలోనే ఉండేదేమో" అంది.

చిన్నోడు హమ్మయ్య అనుకున్నాడు. అబద్ధం దానంతటదే అతుక్కుపోయింది. పెద్దమ్మ ఊరుకుంటే చాలు. కానీ ఆవిడ ఊరుకోలేకపోయింది.

"ఇంజనీరు కాదు తల్లీ. దర్జీ. మాకు కారెక్కడిది? ఈ బండి మావాడి సరుకు. వరదలో మునిగి తేలింది. తీసుకోకు."

అమ్మాయి మొహం కందిపోయింది. లేచి నిలబడి, "మీ ఒళ్ళో తలపెట్టి ఏడుద్దామనుకున్నానండీ" అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

"నోటికాడి కూడు పడగొట్టావు పెద్దమ్మా," అన్నాడు చిన్నోడు. గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిస్తే పలకలేదు. పెద్దమ్మ కంచం పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"నిన్ను అనడం లేదురా. నా కళ్ళలో నీళ్ళు నిజమైనవి. ఆయన కోసం వచ్చినవి. వాటిని తీసుకెళ్ళి నీ డొక్కు బండ్లకు మెరుగు పెట్టాను. అదే నాకు సిగ్గుగా ఉంది."

"వ్యాపారినని చెప్పుకుంటే ఎవడొస్తాడు?"

"రాకపోతే ఒక పూట తిందాం. ఇంతమంది మొగుళ్ళతో ఈ వయసులో నేను వేగలేనురా."

చిన్నోడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని లేచి కూర్చున్నాడు. "ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు పోవట్లేదు పెద్దమ్మా," అంటూ మొదటి ముద్ద అందుకున్నాడు.

నీలం కారును తుక్కు కింద ఇచ్చేశాడు. పాత ప్రకటనలు తీసేసి, "పాత కార్ల వ్యాపారిని. కారులో ఏ లోపముందో ముందే చెబుతాను" అని పెట్టాడు. చాలా రోజులు ఫోను ఉలకలేదు, పలకలేదు. పెద్దమ్మ మళ్ళీ దుప్పట్లు కుట్టడం మొదలుపెట్టింది. అలాంటి సమయంలో ఆ అమ్మాయే ఫోను చేసింది.

"నిజం రాశారు గనక అడుగుతున్నాను. నాకు పనికొచ్చే బండి ఏదైనా ఉందా?"

చిన్నోడు కాళ్ళరిగేలా తిరిగి ఒక తెల్ల కారు పట్టుకొచ్చాడు. తలుపు మీద సొట్ట, చూడటానికి అందం లేదు. ఆమె తనకు తెలిసిన మెకానిక్కుతో చూపించుకుని మరీ తీసుకుంది. తాళం చేతికొచ్చాక వరండా దగ్గరికి నడిచింది.

"నా మీద కోపం పోయిందా అమ్మా?" అంది పెద్దమ్మ, తలెత్తకుండానే.

"ఇంకా కాస్త ఉందండీ. కానీ చెప్పులు తియ్యొద్దని నాకు చెప్పింది మీరొక్కరే. రండి, అలా తిరిగొద్దాం."

ముందు సీట్లో కూర్చోవడం పెద్దమ్మకు అదే మొదలు. బెల్టు ఎక్కడ పట్టుకుని లాగాలో తెలియక తడుముకుంటుంటే అమ్మాయే వంగి పెట్టింది. వెనక సీట్లో సర్దుకుంటూ చిన్నోడు గొంతు సవరించుకున్నాడు.

"మూడో గేరు కాస్త మొరాయిస్తుంది. ముందే చెప్పాను."

"చెప్పావులే!" "చెప్పారులెండి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.