మైనస్ తొంభై తొమ్మిది

లోర్నా తిబొడో ఆరేళ్లపాటు క్వింబీ మిల్స్ ఊరంతా తిరిగి మూడు వందల పది ఇళ్ల బావినీళ్లు సీసాల్లో పట్టింది. కుక్కలు తరిమాయి, వ్యాన్ రెండుసార్లు మంచులో కూరుకుపోయింది. ఒక్కో ఇంటికి ఒక నంబరిచ్చి, మీ పేరు నా నోట రాదని మాటిచ్చి, నీళ్లలో ఆర్సెనిక్ విషం ఎంతుందో ఉత్తరం రాసి పంపింది. తన పరిశోధన వ్యాసం వేసిన పత్రిక అడిగితే ఆ కొలతలన్నీ ఎవరైనా వాడుకునేలా నెట్‌లో పెట్టింది. పెట్టినందుకు ఇప్పుడు తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపిస్తోంది.

బాస్టన్‌లో విట్లో అనే ప్రొఫెసర్ ఆ కొలతలు తీసుకుని, కుర్చీలోంచి లేవకుండానే ఇంకో వ్యాసం అచ్చేయించాడు. ఆ బావుల్లో భయపడాల్సిందేమీ లేదట! శనివారం ఊరి సభ. ప్రమాదమున్న ఇళ్లకు ఊరే ఫిల్టర్లు పెట్టించాలా వద్దా అన్నది ఆ రోజు చేతులెత్తి తేలుస్తారు. వద్దనే ఊరి పెద్ద డ్వైట్ కూంబ్స్ ఆ వ్యాసం చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

"నా ఫైల్లో మైనస్ తొంభై తొమ్మిదుల్ని ఏం చేశారు మీరు?" లోర్నా విట్లోకి ఫోన్ చేసి అడిగేసింది.

"అవా? నీళ్లలో విషం సున్నా కంటే తక్కువ ఎలా ఉంటుందండీ? ఎవరో పొరపాటున కొట్టారనుకుని మైనస్‌లన్నీ సున్నా చేసేశాం."

లోర్నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీటరు పట్టలేనంత విషముంటే ఆ గడిలో పెట్టే గుర్తు అది. అలాంటి నీళ్లను పలచన చేసి మళ్లీ కొలిచిన అంకెలు పక్క ఫైల్లోనే ఉన్నాయి. ఈ మహానుభావుడు ఊళ్లోకెల్లా చెడ్డ బావులు నలభై ఒకటి ఏరి, వాటినే అన్నిటికన్నా శుభ్రమైనవిగా చేసి పారేశాడు.

"గుర్తుల అర్థం మొదటి కాగితంలోనే రాశాను కదా! చదవలేదా?"

"ఇరవై ఊళ్ల ఫైళ్లు కలిపాం మేడమ్. అందరి కాగితాలూ చదువుతూ కూర్చుంటే ఈ జన్మకి వ్యాసం రాదు. అయినా మీ పేరు వేశాంగా, సంతోషించాలి."

"నా పేరు తగలెయ్యండి! తప్పయిందని శనివారంలోపు ఆ ఊరికి రెండు ముక్కలు రాయండి."

"సవరణ పత్రిక ద్వారానే రావాలి. ఏడాది పట్టొచ్చు," అని పెట్టేశాడు.

శనివారం బడి జిమ్‌లో మడత కుర్చీలన్నీ నిండాయి. డ్వైట్ వ్యాసం చదివి వినిపించాడు. లోర్నా లేచింది. ఆమెది పక్క ఊరు. బయటివాళ్లు మాట్లాడాలంటే సభ చేతులెత్తి ఒప్పుకోవాలి. "చదువుకున్నవాళ్ల భయాలు మనకెందుకు?" అన్నాడు డ్వైట్. చేతులు చాలలేదు. పళ్లు నూరుతూ కూర్చుంది. ఏ ఇంట్లో ఎంత విషముందో అంకెలతో సహా ఆమెకు తెలుసు. ఇచ్చిన మాట నోరు నొక్కేసింది.

అప్పుడు ఆర్డిత్ పెల్టియే లేచింది. ఆ హాల్లో సగం మందికి చదువు చెప్పిన ముసలి టీచర్.

"ఏరా డ్వైట్, మీ ఇంటి నంబరెంత?"

"ఎనభై ఎనిమిది టీచర్. దాచుకునేదేముంది? ప్రొఫెసర్‌గారి పట్టీలో ఇదిగో, సున్నా! మా నీళ్లు అమృతం!"

హాలంతా నవ్వింది.

"లోర్నా పంపిన ఉత్తరంలో ఎంతుందిరా?"

"అలాంటివి నేను చదవను టీచర్. వచ్చిన రోజే పొయ్యిలో పడేశా."

"పొయ్యిలో పడింది కవరు," అంది మూడో వరసలోంచి అతని భార్య మార్సీ. చేతిసంచిలోంచి మడతలు నలిగిన కాగితం తీసింది. "ఉత్తరం నా దగ్గరుంది. పది దాటితే తాగకూడదట. మనది ఆరు వందల నలభై."

డ్వైట్ ఆ కాగితం కోసం చెయ్యి చాచాడు. మార్సీ మడిచి సంచిలో పెట్టేసుకుంది.

"రెండేళ్లుగా మనవరాలి పాలలో కలిపేది కొన్న నీళ్లు. నీ వెక్కిరింతలు పడలేక గరాజ్‌లో దాచా. నీకు చెప్పబోయిన ప్రతిసారీ నా మీద ఇంతెత్తున లేచావు. విసుగెత్తిపోయింది డ్వైట్. నీ కాఫీ మాత్రం రోజూ ఆ అమృతంతోనే పెడుతున్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసల్లో కొందరు గుసగుసగా ఒకరి నంబరొకరు అడుగుతున్నారు.  డ్వైట్ లోర్నా వైపు తిరిగాడు.

"పుట్టినప్పటి నుంచీ తాగుతున్నా. నాకేమవుతుంది?"

ఆమెను మాట్లాడనివ్వాలా వద్దా అని ఈసారి ఎవరూ చేతులెత్తమనలేదు.

"ముందు ఫిల్టర్లకి చెయ్యెత్తండి," అంది లోర్నా. "తర్వాత చెప్తా."