వీరగల్లు చెమట

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రాయదుర్గంలో మల్లికార్జునయ్య బట్టల కొట్టు వెనక పెరట్లో సాహిత్య మిత్రులు కూర్చుంటారు. వాళ్లు వచ్చేలోపే పక్కింటి పెద్దక్క వచ్చి అక్కడి వీరగల్లు కింద బిందె పెట్టి ఉంటుంది. ఏ కాలానిదో ఆ రాయి, దానిమీద కర్ర పట్టుకున్న మనిషి బొమ్మ. ముందర ఎవరైనా అబద్ధమాడితే దానికి చెమట పోస్తుంది. నీళ్ల కరువు కాబట్టి ఆ చెమటను ఎవరూ పోనివ్వరు. అయితే పాచిపోయిన గంజి కంపు. అంట్లు తోమడానికి తప్ప పనికిరాదు.

"ఈపొద్దు నాటకమా, చరిత్రనా?" అడిగింది పెద్దక్క.

"రెండూ," అన్నాడు మల్లికార్జునయ్య.

ఆమె పోయి ఇంకో బిందె తెచ్చింది.

నాటకాలు ఆడించే భరత్‌కుమార్ కూర్చుంటూనే, "పోయినవారం చెప్పిన పుస్తకం రెండుసార్లు చదివినా," అన్నాడు. రాయి బొటబొటా కారింది. సునంద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బడికి పోకుండానే లైబ్రరీ అంతా చదివిన మనిషి ఆమె. డెబ్బై దాటాక పేర్లు జారిపోతున్నాయి. అన్నీ పోకముందే ఈ రాతి మనిషి కథను, అవ్వ చెప్పినట్టే, నాటకంగా రాసి భరత్‌కుమార్ చేతికిచ్చింది.

"నీ నాటకం కొంచెం మార్చినా అక్కా," అన్నాడతను సునందతో. "ఈ వీరుడు రాజు. మన నాటకానికి పందిరి వేయించే నాయకుడి వంశానికి మూలపురుషుడు."

బిందె నిండింది. ఆ కంపుకు మల్లికార్జునయ్య టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"థూ! గొర్రెలు కాసే మనిషిని తెచ్చి రాజును చేస్తావా?" అంది సునంద.

"అయితే ఆయప్ప పేరేమి, చెప్పు?"

ఆమె నోరు తెరిచింది. నిన్నటిదాకా ఉన్న పేరు దొరకలేదు.

"చూడన్నా, పేరే మర్చిపోయింది. ఇంక కథను ఎట్ల నమ్మేది? నాటకం నా పేరుమీదనే ఆడిస్తా."

మల్లికార్జునయ్య తల వంచుకున్నాడు. సునందకు తనమీద తనకే అనుమానం వచ్చింది. పేరు పోయింది సరే, కథ కూడా తనే అల్లుకుందా? లేచి వెళ్లి రాయిమీద చెయ్యి పెట్టింది. ఆ జిగటకు ఒళ్లు జలదరించింది. కొంగుతో గట్టిగా తుడిచింది.

"నీ పేరు మర్చిపోయినా," అంది రాయితో. "నువ్వు గొర్రెలు కాస్తాంటివి. దొంగలు మందను తోలుకొని పోతాంటే కట్టెతో అడ్డం పడితివి. ఊరోళ్లంతా తలుపులు మూసుకొనిరి. నువ్వు చచ్చినాక మాత్రం రాయి నిలబెట్టిరి."

అందరూ చెవులు రిక్కించారు. ఒక్క చుక్క పడలేదు. రాయి పొడిగా ఉంది.

మల్లికార్జునయ్య లేచి, భరత్‌కుమార్ ఒళ్లోని కాగితాలు తీసి సునంద చేతిలో పెట్టాడు. "నాటకం ఆమెది. ఆమె రాసినట్టే ఆడతాం."

రాయి తడవలేదు.

"నేనూ అదే అనుకుంటాంటి," అన్నాడు భరత్‌కుమార్.

రాయి ధారకట్టింది. పెద్దక్క ఖాళీ బిందెను దాని కిందికి జరపలేదు. బోర్లించి, సునంద పక్కనే కూలబడింది.

"అంట్లు రేపు తోముకుంటాలే. ఆ గొర్రెలు ఏమాయనో చెప్పమ్మా."